అరుంధతి ఎటువైపు

చల్లపల్లి,
9-6-1973

అన్నయ్యకు,

నీ చెల్లెలు శివపార్వతి నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. ఈ మాట అమ్మకి రెండుసార్లు చదివి వినిపించు, ఒకసారికి నమ్మదు.

అత్తవారింటికి వచ్చినట్టే లేదు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వచ్చిన మామయ్య ఇల్లే కదా. అదే వసారా, అవే రెండు మగ్గాలు, తెల్లవారేసరికి అదే నాడె చప్పుడు. అప్పుడు కాఫీ అడిగి తాగేదాన్ని, ఇప్పుడు కలిపి ఇస్తున్నాను. అంతే తేడా. బావని ఇకమీద "వచ్చారు, తిన్నారు" అనాలని అత్తయ్య చెప్పింది. ఇంట్లో అలాగే అంటున్నాను. నీకు రాసేటప్పుడు మాత్రం బావ వచ్చాడు, తిన్నాడు అనే రాస్తాను. నలుగురిలో పైకి చదవకు.

సీతమ్మ నా పక్కనే కూర్చుని కండెలు చుడుతోంది. "ఎవరికి వదినా ఉత్తరం?" అని అడిగింది. అమ్మకి అన్నాను. "అత్తయ్యకి చదువు రాదుగా" అని తల వంచుకుని నవ్వుతోంది. వచ్చే వేసవికి మీ పెళ్ళి చేసేస్తామని మామయ్య వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. నా ఆడపడుచు నాకు వదినవుతుందన్నమాట. ఎవరు ఎవర్ని ఏమని పిలవాలో అప్పుడు చూసుకుందాం.

ఒక సంగతి రాయాలి. అమ్మకి చదవకు.

పెళ్ళినాడు పురోహితులుగారు మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళి ఉత్తరాన సప్తర్షుల్ని చూపించారు కదా. తోక చివరినుంచి రెండోది వశిష్ఠుడు, దాన్నంటుకుని నలుసంత ఉన్నది అరుంధతి అన్నారు. నాకు వెంటనే కనపడింది. బావనడిగితే "కనపడిందండీ" అన్నాడు. వెనకాల నిలబడ్డ సీతమ్మ "నాకూ కనపడింది" అంటే "నిన్నెవరడిగారు?" అని నువ్వే ఏడిపించావు.

మొన్న భోజనాలయ్యాక వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాం. ఆకాశం శుభ్రంగా ఉంది. "ఆ రోజు నేను చూశాను గానీ ఇప్పుడు మర్చిపోయాను, నువ్వు చూపించు" అని ఊరికే అడిగాను. బావ వేలెత్తి చూపించాడు. అన్నయ్యా, ఆ వేలు దక్షిణం వైపు ఉంది.

నేను నవ్వాను. బావ నవ్వలేదు. వేలు దించి మెల్లగా చెప్పాడు. "నాకు చుక్కలు కనపడవు పార్వతీ. చిన్నప్పుడు ఒకటీ అరా కనిపించేవేమో. పొద్దుగూకితే ఆకాశం నాకు మసిపట్టిన పెనమే. అందరూ చుక్కలు చుక్కలంటుంటే కాస్త పెంచి చెబుతున్నారనుకునేవాణ్ణి."

అత్తయ్యనడిగితే అది రేచీకటి, ఈ ఇంట్లో ఉన్నదే, పొన్నగంటికూర తింటే పోతుంది అంటుంది. మునగాకు, పొన్నగంటికూర రోజూ వండుతూనే ఉన్నాను. బెజవాడలో మంచి కళ్ళ డాక్టరెవరో కనుక్కోవూ?

నీ చెల్లెలు,
శివపార్వతి


పటమట,
20-6-1973

చి.ల.సౌ. శివపార్వతికి అన్నయ్య మార్కండేయులు దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం అందింది. అమ్మకి చదవవలసినంత చదివాను. మిగతాది కడుపులో పెట్టుకున్నాను. రేచీకటికి మంచి మందులున్నాయంటున్నారు. మా చేనేత బట్టల షాపు మేనేజరుగారికి తెలిసిన కళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నారు. ఆషాఢంలో నిన్ను తీసుకురావడానికి నేను వస్తాను. కొత్త అల్లుడు ఆ నెలలో అత్తగారింటి గడప తొక్కకూడదని అమ్మ పట్టుబడుతుంది కాబట్టి బావని ఆ తరవాతే రప్పిద్దాం.

మా షాపుకి లుంగీల కోసం వచ్చే ఫిజిక్సు లెక్చరరుగారిని నీ అరుంధతి గురించి అడిగాను. ఆయనకి ఎవరైనా అడిగితే చాలు. వశిష్ఠుణ్ణి దుర్బిణిలో చూస్తే ఒక చుక్క కాదట, రెండట. ఒకదాన్నొకటి లాగి పట్టుకుని, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయట. ఒక్క చుట్టుకి వేల ఏళ్ళు పడుతుందట. ఆ రెండూ వదులుకోవు, తగులుకోవు అన్నారు. మన కంటికి ఒక్కటిగానే కనపడతాయి. బావకి ఈ సంగతి చెప్పు. చూడలేకపోయినా వినవచ్చు కదా.

సీతమ్మకి తలలోకి రిబ్బన్లు పంపిస్తున్నాను. నువ్వు కొన్నావని చెప్పు. నమ్మదు, అయినా చెప్పు.

మీ అన్నయ్య,
మార్కండేయులు


పటమట,
18-9-1973

చి.ల.సౌ. శివపార్వతికి,

బావ క్షేమంగా చేరి ఉంటాడు. పామర్రులో బస్సు మారాలని మరీ మరీ చెప్పి ఎక్కించాను. చీకటిపడేలోగా ఊళ్ళో దిగేలా పొద్దున బస్సుకే పంపించాను.

డాక్టరుగారు చాలా మంచివారు. కళ్ళలో చుక్కలు వేసి, చీకటిగదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూశారు. బలానికి విటమిను మాత్రలు రాశారు. భయపడవలసిందేమీ లేదు. ఆకుకూరలు, పాలు బాగా ఇవ్వు. రాత్రిపూట సైకిలు ఎక్కనివ్వకు. సాయంత్రం మగ్గం దగ్గర కూర్చోనివ్వకు.

మరో సంగతి. వచ్చే వేసవి ముహూర్తాల గురించి మామయ్య తొందరపడుతున్నాడని అమ్మ అంటోంది. షాపులో నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఇంకొక ఏడాది ఆగుదామని మామయ్యతో నెమ్మదిగా చెప్పు. ఇందులో వేరే కారణం ఏమీ లేదు. అందరూ ఆరోగ్యంగా ఉండండి.

మీ అన్నయ్య,
మార్కండేయులు


చల్లపల్లి,
21-11-1973

అన్నయ్యకు,

ముందు మంచి మాట. అమ్మతో చెప్పు, నాకు నాలుగో నెల. ఇన్నాళ్ళూ చెప్పొద్దని అత్తయ్య ఆపింది. చింతకాయ పచ్చడి అమ్మ చేతిది తినాలని ఉంది. సీసాతో పంపించు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు అబద్ధం రాసేటప్పుడు అక్షరాలు గుండ్రంగా రాస్తావు. స్కూల్లో నాన్న పేరుతో సెలవు చీటీ రాసినప్పుడు కూడా అలాగే రాశావు. పోయిన ఉత్తరం చూస్తే అచ్చేసినట్టుంది. డాక్టరుగారు ఏమన్నారు?

బావనడిగితే "మీ అన్నయ్య రాశాడుగా" అంటాడు. బెజవాడ నుంచి వచ్చినప్పటినుంచీ మాట తగ్గించేశాడు. తన మగ్గం కిటికీ పక్కకి మార్పించుకున్నాడు. వెలుగుండగానే దిగిపోతాడు. పోయినవారం దిగేటప్పుడు పక్కనే పెట్టిన నీళ్ళచెంబు చూడక తన్నేశాడు. పట్టపగలన్నయ్యా. ఎదురుగా ఉన్న సన్నటి పోగు తెగితే చటుక్కున అతుకుతాడు, కాలిపక్కన ఉన్న చెంబు కనపడదు. అదేం రేచీకటి?

నీ పెళ్ళి వాయిదా మాట మామయ్యకి చెప్పాను. "మా పిల్లకేం తక్కువైంది?" అని కండువా దులిపి వీధిలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. సీతమ్మ నువ్వు పంపిన రిబ్బన్లు మడిచి పెట్టెలో పెట్టేసింది.

నేను మీ ఇంటి ఆడపిల్లని, ఈ ఇంటి కోడల్ని. ఇద్దరి మధ్యా నిలబడి దేనికి జవాబు చెప్పాలో తెలియకుండా జవాబు చెబుతున్నాను. నిజం రాయి.

శివపార్వతి


పటమట,
6-12-1973

పార్వతికి,

నీ ఉత్తరం చదివి అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. పచ్చడి పంపిస్తున్నాను. ఈ సమయంలో నీకు ఇది రాయకూడదని చాలా రోజులు అనుకున్నాను. రాయకపోతే నువ్వు ఇంకా ఎక్కువ ఊహించుకుంటావు.

బావది విటమిన్లతో పోయే రేచీకటి కాదు. కంటి వెనక ఉండే పొర మెల్లగా ఎండిపోతోందన్నారు. ముందు చీకట్లో చూపు పోతుంది. తరవాత పక్కల చూపు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం కనపడుతుంది. అందుకే పోగు కనపడుతుంది, చెంబు కనపడదు. రానురాను ఆ గొట్టం కూడా సన్నబడుతుంది. మందు లేదు. మద్రాసు తీసుకెళ్ళమంటారా అని అడిగాను. "తీసుకెళ్ళండి, మీ తృప్తికి. వాళ్ళూ ఇదే చెబుతారు" అన్నారు. నలభై ఏళ్ళు వచ్చేసరికి ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు.

ఇది విన్నప్పుడు బావ బయట బెంచీ మీద ఉన్నాడు. నేను తనకి చెప్పలేదు. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. నేను రోడ్డు మధ్యలో ఆగిపోతే "ఏం మార్కండేయులూ, జ్వరమా?" అని అడిగాడు. అవునన్నాను.

అమ్మకి తెలియదు. నువ్వు ధైర్యంగా ఉండాలి. సీతమ్మ మీద నాకు మనసు మారిందని మాత్రం ఎవరూ అనుకోకూడదు. ఆ పిల్లని అలా అనుకోనివ్వకు.

అన్నయ్య


చల్లపల్లి,
28-3-1974

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేకపోయాను. ఎన్నిసార్లు మొదలుపెట్టినా "ఇక్కడ అందరం క్షేమం" దగ్గర ఆగిపోయింది.

బావకి నేనే చెప్పాలనుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు మధ్యాహ్నం, మామయ్య చేనేత సొసైటీకి వెళ్ళినప్పుడు, మగ్గం పక్కన కూర్చుని నువ్వు రాసిందంతా చెప్పాను. బావ నాడె ఆపలేదు. అంతా విన్నాక అన్నాడు. "డాక్టరుగారు తలుపు దగ్గరగా వేశారు గానీ నా చెవులకేం జబ్బు లేదు పార్వతీ. మీ అన్నయ్య నాకోసం అంత కష్టపడి దాస్తుంటే తెలుసని ఎలా చెప్పను?"

ఇంకా చెప్పాడు. నువ్వు నాకు రాయనిది.

మీవాళ్ళలో మేనరికాలు ఎన్ని తరాలుగా ఉన్నాయని ఆయన అడిగారట కదా. మామయ్య చేసుకున్నది కూడా సొంత అక్క కూతుర్నే అని నువ్వు చెప్పావట కదా. మా ఇద్దరికీ పుట్టే పిల్లలకి ఇది రావచ్చు, సగానికి సగం అన్నారట. ఈ రెండిళ్ళ మధ్యా ఇంకో పెళ్ళి చెయ్యొద్దన్నారట.

బావ బెజవాడ నుంచి ఆ మాటలు మోసుకుని బస్సు దిగి వచ్చాడు. ఆ రోజే, కాళ్ళు కడుక్కునేలోపలే, నాకు నెల తప్పిందని చెప్పాను. బావ వసారా అరుగు మీద కూర్చుండిపోయాడు. ప్రయాణపు అలసట అనుకుని మజ్జిగ ఇచ్చాను. అది తాగి "మంచిమాట చెప్పావు" అన్నాడు. ఇన్ని నెలలూ నా పక్కన ఎలా పడుకున్నాడో నాకు తెలియదు.

నిన్ను తప్పుపట్టను. నేను కూడా ఒకటి దాచాను.

సీతమ్మ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఏదో పని కల్పించుకుని వంటింట్లోనే ఉంటుంది. వాకిట్లోకి రమ్మంటే దోమలంటుంది. నేను పట్టించుకోలేదు. పోయినవారం భోజనాలకి ముందు తనే నా దగ్గరకొచ్చి, అత్తయ్య వినకుండా "వదినా, ఒకసారి పెరట్లోకి వస్తావా?" అంది. నా జబ్బ పట్టుకుని నడిచింది. నన్ను పట్టుకుందనుకున్నాను, కడుపుతో ఉన్నదాన్ని కదా అని. నాకోసం కాదు, తన ఆసరాకే పట్టుకుందని గడప దగ్గర తెలిసింది.

పెరట్లో నిలబడి "అరుంధతి ఎటువైపు ఉంటుంది వదినా?" అని అడిగింది.

ఈశాన్యం మూల సప్తర్షులు అప్పుడే పైకొస్తున్నారు. చూపించాను.

"అలా కాదు. నా తల పట్టుకుని తిప్పు. మెడ ఎంత ఎత్తాలో చెప్పు."

"ఎందుకే?"

"మా పెళ్ళిలో చూపిస్తారుగా. అన్నయ్య అటు తిరగాల్సింది ఇటు తిరిగి నీకు దొరికిపోయాడట. నేను అలా దొరకను. ఎటు తిరగాలో నేర్పు, ఎంతసేపు చూడాలో నేర్పు. కనపడింది అనే మాట నేను చెప్పుకుంటాను."

నేను దాని గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది. ఎదురుగా వశిష్ఠుడూ అరుంధతీ స్పష్టంగా ఉన్నారు. దాని కళ్ళల్లో ఏమీ లేదన్నయ్యా. "పెళ్ళి వైశాఖంలోనైతే అప్పటికి ఇంకా పైకి వస్తుంది, మెడ ఇంకొంచెం ఎత్తాలి" అని కూడా చెప్పాను. నా నోటితోనే చెప్పాను.

లోపలికొచ్చాక "మీ అన్నయ్యకి రాయకు" అంది. రాయనన్నాను. ఇదిగో రాస్తున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం. ఏం చేసినా ఎవరో ఒకరు ఏడుస్తారు.

శివపార్వతి


పటమట,
5-4-1974

పార్వతికి,

వచ్చే ఆదివారం నిన్ను పురిటికి తీసుకురావడానికి వస్తున్నాను. అమ్మకి అంతా చెప్పాను. పొయ్యిమీద గిన్నె దింపింది. తరవాత "మా పుట్టింటి దీపం పోకూడదనే నిన్నూ నీ చెల్లెల్నీ అక్కడికే అనుకున్నాను" అంది. అప్పటినుంచీ వంటింట్లో నీకోసం ఏవో చేస్తూనే ఉంది.

నేను సీతమ్మనే చేసుకుంటాను. ఇది నీకు ముందుగా రాస్తున్నాను. పిల్లలు వద్దనుకుంటాం. ఇప్పుడు దానికి ఆపరేషన్లు ఉన్నాయి, ఊరూరా చేస్తున్నారు. తన కళ్ళు పోతే నా కళ్ళున్నాయి. ఈ మాట మామయ్యతో కాదు, ఆ పిల్లతోనే నేను చెబుతాను. అవకాశం చూడు.

అన్నయ్య


చల్లపల్లి,
14-10-1974

అన్నయ్యకు,

మేము క్షేమంగా చేరాం. పాప బస్సులో ఏడవలేదు. పామర్రులో బస్సు మారేటప్పుడు పక్కసీటులో చేపలమ్మే ఆవిడ, పేరు పెద్దింట్లమ్మట, తన గంపలు చూసుకుంటూనే పాపని ఎత్తుకుని దింపింది. "కళ్ళు ఎంత బాగున్నాయమ్మా" అంది. నేను ఊఁ కొట్టాను.

బావ రోజూ పొద్దున్నే పాపని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి ఒళ్ళో పడుకోబెట్టుకుంటాడు. నుదురు, ముక్కు, పెదవి, చెవి ఒక్కొక్కటే చూస్తాడు. ముఖమంతా ఒకేసారి చూపులో పట్టదుగా. "ఏం చేస్తున్నావు?" అంటే "చూసి పెట్టుకుంటున్నాను" అంటాడు. పాపకి ఎలా ఉంటుందో పెరిగితే గానీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు కదా. అప్పటిదాకా ఆ మాట ఎత్తకూడదని మేమిద్దరం అనుకున్నాం. ఎత్తం. ఇద్దరికీ రోజంతా అదే ఆలోచన.

నువ్వు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు, సందులో పడుగు నూలు ఆరేసినచోట సీతమ్మతో మాట్లాడావు. తిరిగి వచ్చాక నీ ముఖం చూసి నేను ఎన్నిసార్లు అడిగానో. "కొన్నాళ్ళు ఆగుదాం" అన్నావు. అమ్మ ఉంది, పురుడు ఉంది, ఊరుకున్నాను. ఇక్కడికొచ్చాక దాన్నే అడిగాను. నీకు చెప్పిందే నాకూ చెప్పిందో లేదో తెలియదు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆయన జాలిపడి అడిగితే ఒప్పుకునేదాన్నేమో వదినా" అంది. "ఇష్టపడి అడిగాడు. అందుకే వద్దన్నాను."

"అదేం మాటే?"

"నీ కళ్ళు పోతే నా కళ్ళున్నాయి అన్నాడు. పిల్లలు వద్దనుకుందాం అన్నాడు. పాపని చూశాక నువ్వే చెప్పు, ఆయన్ని పిల్లలు లేకుండా ఎలా ఉంచను? మా అన్నయ్య చెయ్యి పట్టుకుని జీవితమంతా నువ్వు నడవాలి. నా చెయ్యి పట్టుకుని ఆయన నడవాలి. మా అత్తయ్యకున్నది మీరిద్దరేగా. ఇద్దర్నీ మేమే తీసేసుకోవాలా?"

"మరి నువ్వు?" అన్నాను.

"నాకు మగ్గం ఉంది. పగలు చూసి నేస్తాను. ఇప్పటినుంచే కళ్ళు మూసుకుని చేతులకి నేర్పుతున్నాను. అన్నయ్యా నేనూ పందెం వేసుకుంటున్నాం."

మామయ్య బయటి సంబంధాలు చూస్తున్నాడు. కళ్ళ సంగతి ముందే చెప్పాలని సీతమ్మ పట్టు. ఇద్దరొచ్చారు, విని కాఫీ తాగి వెళ్ళిపోయారు. మూడోవాళ్ళకి చెప్పకుండా చేద్దామని అత్తయ్య అంటే, వాళ్ళు కూర్చోగానే తనే వచ్చి "నాకు రాత్రిళ్ళు కనపడదండీ" అనేసి లోపలికి వెళ్ళిపోయింది. అత్తయ్య ఏడ్చింది. ఇది కండెలు చుట్టుకుంది.

శివపార్వతి


పటమట,
2-3-1975

పార్వతికి,

పాప గోడ పట్టుకుని అడుగులు వేస్తోందని విని సంతోషించాను. అమ్మ మోకాళ్ళ నొప్పితో మంచం దిగడం లేదు. నేను షాపునుంచి వచ్చి వండేసరికి పొద్దుపోతోంది. అందుకోసమే ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. అందుకోసం కూడా.

మంగళగిరిలో ఒక సంబంధం వచ్చింది. మనతో ఏ చుట్టరికమూ లేనివాళ్ళు. అమ్మాయి పేరు బాలత్రిపురసుందరి. చూసి వచ్చాను. నెమ్మదస్తురాలు. నన్నొక మాట అడగమన్నారు, నాకేం అడగాలో తెలియలేదు. వాళ్ళ పెరట్లో సన్నజాజి పందిరి గురించి అడిగాను. ఆ అమ్మాయి చాలా వివరంగా చెప్పింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు.

సీతమ్మ నాతో ఆ రోజు అన్నది నీకు చెప్పిందంతా కాదు. చివర ఇంకొకటి అంది. "మీరు పెళ్ళి చేసుకోకుండా కూర్చుంటే, ఆ బరువు నామీదే కదా బావా" అంది. ఏడాదిగా ఆ మాట మోస్తున్నాను. చేసుకుంటే తనని వదిలేసినవాణ్ణి. చేసుకోకపోతే తనమీద బరువు పెట్టినవాణ్ణి.

మంగళగిరివాళ్ళకి జవాబు ఇవ్వాలి. నేను ఇవ్వలేను. నువ్వు సీతమ్మనడుగు. తను ఊఁ అంటే ఊఁ, వద్దంటే వద్దు. ఆ పిల్లని ఇలా అడగడం దుర్మార్గమని నాకు తెలుసు.

అన్నయ్య


చల్లపల్లి,
27-4-1975

అన్నయ్యకు,

పెళ్ళిపనుల్లో ఉంటావు. ఈ ఉత్తరం ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

నీ పోయిన ఉత్తరం నేను సీతమ్మకి చదివి వినిపించలేకపోయాను. చేతికిచ్చేశాను. కిటికీ దగ్గర నిలబడి చదివింది. ఒక్కొక్క మాట మీదికి చూపు జరుపుకుంటూ చదువుతుంది కదా, చాలాసేపు పట్టింది. నేను అక్కడే నిలబడ్డాను. అయిపోయాక మడత పోకుండా తిరిగిచ్చి, "ఒప్పుకోమని రాయి వదినా, ఇవాళే రాయి" అంది. అందుకే ఆ రోజు నీకు కార్డు మీద ఒక్క ముక్క రాసి పడేశాను. మిగతాది కార్డులో పట్టేది కాదు.

ఆ మధ్యాహ్నమే మగ్గం మీదున్న చీర దింపమని బావతో చెప్పింది. మామయ్య ఎందుకన్నాడు. "మేనల్లుడి పెళ్ళి కదా నాన్నా, మధుపర్కాలు మన మగ్గం మీదివి కాకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అంది. మామయ్య దాని ముఖంకేసి చూసి, కండువాతో కళ్ళు తుడుచుకుని, నూలు తేవడానికి వెళ్ళాడు. మీమీద ఏడాదిన్నరగా ఉన్న కోపం ఆ రోజుతో పోయిందనుకుంటాను. కోపం పోయాక మనిషి బాగా ముసలివాడైపోయాడు.

సన్నటి తెల్ల నూలు, ఎర్రంచు. నీకు పంచె, ఉత్తరీయం. ఆ అమ్మాయికి చీర. పొద్దున వెలుగు రాగానే కూర్చునేది, వెలుగు పోగానే లేచేది. బావ సాయం చేస్తానంటే "నువ్వు పాపని చూసుకో" అని తోసేసింది. రెండోరోజు నాడె ఆగిపోయి ఎంతసేపటికీ కదల్లేదు. వెళ్ళి చూశాను. బట్ట మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుని కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. కాసేపటికి మళ్ళీ చప్పుడు మొదలైంది.

బావ నేత పూర్తయ్యాక అంచు పొడుగునా వేళ్ళతో తడిమి చూశాడు. తను ఎవర్నీ అంత తేలిగ్గా మెచ్చుకోడు, నీకు తెలుసు. "మా నాన్న కూడా ఇంత సమంగా నెయ్యలేడు" అన్నాడు. సీతమ్మ ఆ మాటకి నిజంగా సంతోషపడింది. నేను చూశాను.

పెళ్ళికి బావా, నేనూ, పాపా వస్తాం. మామయ్య, అత్తయ్య వస్తారు. సీతమ్మ రాదు. సాయంత్రం ముహూర్తమని అందరికీ చెబుతోంది. నాతో మాత్రం, "ఆ చీకట్లో ఎవరి చెయ్యి పట్టుకుని నిలబడను వదినా? నువ్వు మా అన్నయ్యని పట్టుకోవాలిగా" అంది. పక్కింటి శౌరమ్మగారు తోడు పడుకుంటానన్నారు. దానికేమీ భయం లేదు. నువ్వు బెంగపెట్టుకోకు.

సుందరిని బాగా చూసుకో. ఇది నా మాట కాదు. ఎవరి మాటో రాయనవసరం లేదు.

మధుపర్కాలు మామయ్య చేతికిచ్చి రేపు పంపుతున్నాను. ఎవరు నేశారని అడిగితే నాన్న నేశాడని చెప్పమంది. మామయ్య అలాగే చెబుతాడు, అమ్మ నమ్ముతుంది. నీకు నేను ఇంకో అబద్ధం చెప్పదలచుకోలేదు. తెలుసుకుని కట్టుకో. పెళ్ళిలో ఎవరైనా అంచు చూసి అడిగితే మాత్రం మా మామయ్య నేశాడనే చెప్పు.

నీ చెల్లెలు,
శివపార్వతి